పదిహేడు సామాన్లు

మొన్న శనివారం తార్నాక చౌరస్తా దాటి యూనివర్సిటీ వైపు తిరుగుతుంటే, రోడ్డు పక్కన ముగ్గురు కుర్రాళ్లు ట్రాలీ ఆటోలో బ్యాండు సామాను ఎక్కిస్తున్నారు. బేస్ స్పీకర్ డబ్బా చిట్టచివర, తలుపు దగ్గర. దాని నెత్తిన యాంపు. యాంపు నెత్తిన గిటారు. నా చేతులు ఊరుకోలేదు. స్కూటర్ ఆపి దిగాను.

"తమ్మీ, డబ్బా ముందట పెట్టు, మొహం క్యాబిన్ దిక్కు తిప్పి. యాంపు కిందికి దించు."

ఒకడు నా తెల్ల వెంట్రుకల్ని చూసి, మర్యాదగానే అడిగాడు: "అంకుల్, మీరు ప్యాకర్స్ అండ్ మూవర్సా?"

కాదు నాయనా, బేసిస్టునని చెబుదామనుకున్నాను. కానీ వాడన్నదే సగం నిజం. ఏళ్ల తరబడి హెవీ మెటల్ వాయించి నేను గట్టిగా నేర్చుకున్న విద్య ఏదైనా ఉంటే అది సామాను సర్దడమే. అది నేర్పింది గురువూ కాదు, యూట్యూబూ కాదు. ముషీరాబాద్‌లో పెళ్లిళ్లకు, తిరుపతి ట్రిప్పులకు టెంపో ట్రావెలర్ నడిపే ఒక డ్రైవర్ అన్న.

అది 2011. భోలక్‌పూర్ తోళ్ల గోదాముల వెనక సందులో, మా మేనమామ పాత ఇనుప సామాను దుకాణం మీది గదిలో మా బ్యాండు ఉండేది. గోడలకు కోడిగుడ్ల అట్టలు, కిటికీలకు బొంతలు. అయినా పక్కింటి ఖాలా రోజూ సాయంత్రం ఏడింటికి చీపురుకట్టతో గోడ మీద కొట్టి మాకు తాళం అందించేది. నలుగురం. డ్రమ్మరూ ఒక గిటారిస్టూ ఉస్మానియా ఇంజనీరింగ్ కాలేజీ విద్యార్థులు. బ్యాండు పేరు చెప్పను. ఆ పేరు వింటే మా అమ్మ ఇప్పటికీ దేవుడి గదివైపు తిరిగి దండం పెడుతుంది.

మన దగ్గర చిన్న మెటల్ బ్యాండ్లు వ్యాన్లలో తిరిగేది తక్కువ. రైలెక్కుతాయి. డ్రమ్ కిట్టు, యాంపులు నిర్వాహకులే అద్దెకు తెస్తారు. డ్రమ్మరు స్నేరు, సింబల్స్, పెడల్ పట్టుకెళ్తే చాలు, మిగతావాళ్లం భుజాన గిటారు తగిలించుకుంటే చాలు. కానీ ఆ సెప్టెంబరు 13న తెలంగాణ రాష్ట్రం కోసం సకల జనుల సమ్మె మొదలైంది. మా ఇంటికి కూతవేటు దూరంలోని బస్ భవన్ ముందు రోజూ ధర్నా. ఆర్టీసీ బస్సులు డిపోలు దాటలేదు. మాకు బెంగళూరులో శనివారం, చెన్నైలో ఆదివారం, గుంటూరు వైపు ఒక కాలేజీలో సోమవారం ప్రోగ్రాములు. సరిగ్గా ఆ శని, ఆదివారాల్లోనే రైల్ రోకో. క్యాంపస్‌లో సగం మంది పట్టాల మీద కూర్చోవడానికి తయారవుతుంటే మేము పట్టాల మీద పోవడానికి టికెట్లు కొనుక్కుని కూర్చున్నాం. టికెట్లు క్యాన్సిల్ చేసి వ్యాను మాట్లాడాం.

వ్యాను వస్తోందనగానే నాకు ఆశ పుట్టింది. నా సొంత యాంపు, నా సొంత డబ్బా తీసుకెళ్తానన్నాను. బేసిస్టులకు ఇదో పిచ్చి. 1969లో వచ్చిన ఆంపెగ్ ఎస్‌వీటీ అనే 300 వాట్ల వాల్వు యాంపు మా కులదైవం. దాని తలకాయ ఒక్కటే నలభై కిలోల దరిదాపు, ఎనిమిది స్పీకర్ల డబ్బా అరవై పైనే. నాది అంతటిది కాదు, సెకండ్ హ్యాండులో కొన్న దాని చిన్న తమ్ముడు. డబ్బా మాత్రం మైక్‌సెట్ల వాళ్లకు పెట్టెలు చేసే వడ్లాయన చేతిది. ప్లైవుడ్ మందం చూసి "బీరువానా బాబూ?" అని అడిగి మరీ చేశాడు.

శుక్రవారం సాయంత్రం మేమే సర్దాం. అన్న వచ్చి వెనక తలుపు తీసి చూశాడు. చాలాసేపు ఏమీ అనలేదు. బీడీ ఆర్పి, "బ్యాండోళ్ల సామాను పదేండ్లు మోసిన తమ్మీ. గిట్ల పెడ్తె కొత్తూరు దాక గూడ పోదు," అన్నాడు. అంతా దించమన్నాడు.

మళ్లీ ఎక్కించడానికి ముప్పావుగంట పట్టింది. బరువంతా వెనక చక్రాలకు ముందుండాలి, లేకపోతే వంపుల్లో బండి తోక ఊపుతుంది. అందుకే డబ్బా సీటుకు ఆనించి అన్నిటికంటే ముందు. స్పీకర్ల మొహం సీటు మెత్త వైపు. యాంపు నేల మీద, లోపల గాజు వాల్వులున్నాయి గనుక చుట్టూ మా దుప్పట్లు. సింబల్స్ సంచి పడుకోబెట్టకూడదు, పక్క గోడకు నిలబెట్టాలి. గిటార్లు ఆఖరున, వాటి మీద ఏదీ ఉండకూడదు. దిగగానే వాటినే ముందు నీడకు చేర్చాలి. ఖాళీ ఉన్నచోటల్లా బట్టల బ్యాగులు కూరాలి, అప్పుడు ఏదీ కదలదు. అంతా అయ్యాక ఆయన వేలితో చూపిస్తూ లెక్కపెట్టాడు. పదిహేడు. "ఎక్కినప్పుడు పదిహేడు, దిగినప్పుడు పదిహేడు. పాట మరిసిపోయినా మంచిదే, లెక్క మరవొద్దు."

ఆ రోజే 'దూకుడు' విడుదల. ఆర్టీసీ క్రాస్ రోడ్స్‌లో థియేటర్ల ముందు కాగితాల వానలో అరగంట ఇరుక్కుని, ఎలాగోలా ఊరు దాటాం.

జడ్చర్ల దాటాక ఓ చౌరస్తాలో రోడ్డుకు అడ్డంగా రాళ్లు, టైరు మంట. పదిహేనిరవై మంది. ఒకాయన టార్చి వేసి వ్యానులోకి చూశాడు. డ్రమ్ములు కనబడ్డాయి. మొహం వెలిగింది.

"ధూంధామా అన్నా?"

2002లో కామారెడ్డిలో మొదలైన ఉద్యమ ఆటపాటల ధూంధాం ఆ పదేళ్లలో తిరగని ఊరు లేదు. ఆర్ట్స్ కాలేజీ ముందు మెట్ల మీద నేను కూడా ఎన్నోసార్లు నిలబడి విన్నాను. వ్యాను నిండా నల్ల టీషర్టులు వేసుకున్న జులపాల వాళ్లం. ఏమని చెప్పాలి? మా అరుపులకు సాహిత్యం ఇంగ్లీషు, అది కూడా ఎవరికీ అర్థం కాదు. డ్రమ్మరు మాట్లాడకుండా స్నేరు తీసుకుని దిగాడు. రోడ్డు మీదే మోకాళ్ల మీద పెట్టుకుని తీన్మార్ అందుకున్నాడు. చిలకలగూడ బోనాల్లో పెరిగినవాడు, వాడికది పుట్టుకతో వచ్చింది. అవతల ఒక పిల్లాడు గడ్డి మంట దగ్గర డప్పు కాస్తున్నాడు. తోలును వేలితో మీటి, చెవి దగ్గర పెట్టుకుని, మళ్లీ కాచి, వచ్చి కలిశాడు.

నాకు అక్కడే ఒక సంగతి తట్టింది. హెవీ సంగీతానికి మూలపురుషుడనదగ్గ బ్లాక్ సాబత్ గిటారిస్టు టోనీ అయోమీ పదిహేడేళ్లప్పుడు బర్మింగ్‌హామ్ రేకుల ఫ్యాక్టరీలో రెండు వేళ్ల కొసలు పోగొట్టుకున్నాడు. తీగలు గట్టిగా నొక్కలేక, పోనుపోను వాటిని వదులు చేశాడు. వదులైన తీగ లోతుగా, బరువుగా పలికింది. 1971 నాటికి ఏకంగా మూడు మెట్లు దించేశాడు. అప్పటినుంచీ మేమంతా తీగ వదులు చేసి బరువు తెచ్చుకుంటున్నాం. డప్పుది దానికి సరిగ్గా ఎదురు దారి. నిప్పు సెగకు తోలు బిగిస్తేనే దాని దెబ్బ గుండెకు తగులుతుంది. పైగా ఆ పిల్లాడి వాయిద్యం రెండు కిలోలు కూడా ఉండదు. కరెంటు అక్కర్లేదు. అది నా కడుపులో మోగిన తీరు చూశాక, వ్యానులో పడుకున్న నా బీరువాను తలుచుకుని కొంచెం సిగ్గేసింది.

పావుగంటలో దారిచ్చారు. ఒక పెద్దాయన జేబులోంచి పది రూపాయల నోటు తీసి, డ్రమ్మరు తల చుట్టూ తిప్పి వాడి చేతిలో పెట్టాడు. మొత్తం టూరులో మాకు అడగకుండానే, అక్కడికక్కడే అందిన పారితోషికం అదొక్కటే.

ప్రోగ్రాముల గురించి చెప్పడానికి పెద్దగా లేదు. ఒక్కోటి నలభై నిమిషాలు. మూడు ఊళ్లు కలిపి 2 గంటలు. తిరిగింది 1,600 కిలోమీటర్ల పైచిలుకు. బెంగళూరులో డెబ్బై మంది వచ్చి మెడలు విరిగేలా ఊపారు. ఇంకో ఊళ్లో ఒకాయన సగం డబ్బులిచ్చి మిగతాది "వచ్చేసారి" అన్నాడు. కాలేజీలో మూడో పాట మధ్యలో వెనక బెంచీలు 'దూకుడు' పాట కావాలని కేకలేశాయి. ఎవరూ మాది తెలంగాణా ఆంధ్రా అని అడగలేదు. మహేశ్‌బాబు పాట రాదా అని మాత్రం అడిగారు.

మిగతాదంతా మోత. గది నుంచి ఒకసారి, ప్రతి ఊళ్లో దింపుడు, ఎక్కింపుడు, మళ్లీ గదికి ఒకసారి: ఎనిమిది సార్లు. పదిహేడు ఎనిమిదులు నూట ముప్పయ్యారు. చివరి రోజుకు మాటలు కూడా తగ్గిపోయాయి. డబ్బా ఎవరు ముందు పట్టాలో, మెట్ల దగ్గర ఎవరు వెనక్కి నడవాలో, చూపుతోనే తెలిసేది. రిహార్సల్ గదిలో ఏడాదిగా ఒకే చోట తప్పుతున్న ఒక మలుపు గుంటూరు వైపు కాలేజీలో చెక్కినట్టు పడింది. ముందు పాటలు నేర్చి ఆ తర్వాత రోడ్డెక్కాలని అనుకుంటాం గానీ, నలుగురూ ఒకే బరువు కింద వంగాక గానీ మా ఊపిరి ఒక లెక్కకు రాలేదు.

ఆ సోమవారం రాత్రే తిరుగు ప్రయాణం. ఒళ్లంతా చెమట ఉప్పు, వ్యాను నిండా తడి సాక్సుల వాసన, చెవుల్లో గుయ్యిమని మోత. మెటల్ వాళ్లు ప్రోగ్రాం అయ్యాక వ్యానులో మెటల్ వింటారనుకుంటారు జనం. వినరు. డ్రైవర్ అన్న ఘంటసాల పాటలు పెడితే నలుగురం నోరు మూసుకుని విన్నాం. కోదాడ దాటాక ఒక పెట్రోలు బంకులో బండి ఆపేశాడు.

"రెండు కొట్టింది. ఐదు దాక బండి కదలది."

నేను తెల్లారేసరికి ఆఫీసుకు పోవాలి. కొత్త ఉద్యోగం. రెండొందలు ఎక్కువిస్తానన్నాను. ఆయన నవ్వాడు. "గీ మూడు గంటలు డ్రైవరు కండ్లు తెరుసుకోనే నిద్రపోతడు తమ్మీ. ఆయనకు గూడ తెల్వది."

విసుగ్గా ఫోను తీసి టైము చూశాను. తేదీ కనబడింది. సెప్టెంబరు 27. సరిగ్గా 25 ఏళ్ల కిందట, 1986లో, ఇలాంటి తెల్లవారుజామునే స్వీడన్‌లో మెటాలికా బ్యాండు బస్సు రోడ్డు తప్పి బోల్తా పడింది. నిద్రలో ఉన్న బేసిస్టు క్లిఫ్ బర్టన్ చనిపోయాడు. ఇరవై నాలుగేళ్లు. ఏ పడక ఎవరిదని ముందు పేకముక్కలు తీశారట, ఇస్పేటు ఆసు అతనికి పడింది. మా వ్యానులో కాళ్లు చాపుకునే వెనక సీటు ఒక్కటే. బొమ్మా బొరుసూ వేసి గెల్చుకుని దాని మీద పడుకున్నవాణ్ని నేను.

లేచి ఆ సీటు అన్నకిచ్చాను. డబ్బాకు వీపు ఆనించి కూర్చున్నాను. ఐదింటికి ఆయనే లేపాడు.

ముషీరాబాద్ చేరేసరికి రాంనగర్ చేపల మార్కెట్ ఐసు నీళ్లతో తడిసి ఉంది. సందులో బండి ఆపి, ఆఖరిసారి దింపాం. డబ్బాను మెట్లెక్కిస్తుంటే ఖాలా తలుపు తీసి చూసి, "ఆగయే?" అంది. ఆ గొంతులో కొంచెం సంతోషం ఉందేమోనని నా అనుమానం.

అన్న వేలితో లెక్కపెట్టాడు. ఆగాడు. మళ్లీ మొదటినుంచి పెట్టాడు.

"పద్దెనిమిది."

స్నేరు సంచి పక్కన ఒక కట్టె ఉంది. డప్పు సిర్ర. కొస మాడి నల్లగా ఉంది, మంటను ఎగదోసినట్టున్నారు. చౌరస్తాలో సంచి సర్దేటప్పుడు చీకట్లో మా వాటితో కలిసిపోయి ఉంటుంది. డ్రమ్మరు దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి సంచిలో పెట్టుకోబోయాడు. అన్న చెయ్యి చాపాడు.

"ఆ పోరనిది. మల్ల ఐతారం నాకు కర్నూలు పెండ్లి ఉన్నది. పోతపోత ఇచ్చిపోత."

డ్యాష్‌బోర్డు మీద, సాయిబాబా బొమ్మ పక్కన దాన్ని పెట్టి, బండి వెనక్కి తీసుకుని వెళ్లిపోయాడు.