ఓకే అని పలికే పెట్టె

పాత కంప్యూటర్ల మోజున్న వాళ్లలో రెండు వర్గాలున్నాయి. ఒకరు సిలికాన్ గ్రాఫిక్స్ యంత్రాలకు దండం పెడతారు. రెండోవాళ్లు సన్ మైక్రోసిస్టమ్స్ మనుషులు. నాది రెండో వర్గం, ఇందులో దాపరికమేమీ లేదు. ‘జురాసిక్ పార్క్’లో డైనోసార్లను నడిపించిన ఘనత ఆ మొదటివాళ్ల యంత్రాలదేనని ఒప్పుకుంటాను. కానీ మూత తీసి లోపలి పనితనం చూడమంటే మాత్రం 1989 ఏప్రిల్‌లో వచ్చిన స్పార్క్‌స్టేషన్ 1 ముందు నా కంటికి మరొకటి ఆనదు.

చరిత్ర క్లుప్తంగా చెప్పుకుందాం. స్టాన్‌ఫర్డ్‌లో చదువుకుంటూ ఆండీ బెక్టోల్‌షైమ్ ఒక కంప్యూటర్ బోర్డు గీశాడు. మన ఢిల్లీ ఐఐటీలో చదివిన వినోద్ ఖోస్లా, స్కాట్ మెక్‌నీలీ, బిల్ జాయ్ 1982లో అతనితో కలిశారు, సన్ పుట్టింది. గూగుల్ వాళ్లకు మొదట్లోనే లక్ష డాలర్ల చెక్కు రాసిచ్చిన మనిషిగా బెక్టోల్‌షైమ్ లోకానికి తెలుసు. చెక్కు ఎవరైనా రాస్తారు. ఇలాంటి పెట్టె గీయడం ఎందరి వల్ల అవుతుంది?

పెట్టె అంటే ఎంతో కాదు, దాదాపు 16 అంగుళాల చదరం, మూడంగుళాలకు లోపే మందం. అందుకే పిజ్జా బాక్స్ అన్నారు. అంతకుముందు ఈ తరహా యూనిక్స్ యంత్రమంటే చాలావరకు టేబుల్ పక్కన నేల మీద నిలబెట్టే బీరువా. లోపల ఒక్కో పనికి ఒక్కో పెద్ద బోర్డు. స్పార్క్‌స్టేషన్ 1లో ప్రాసెసర్, మెమరీ, నెట్‌వర్కు, డిస్కును నడిపే స్కజీ, ఆఖరికి శబ్దం కూడా ఒకే బోర్డు మీదికి వచ్చేశాయి. మెమరీకి 16 గళ్లు, అన్నీ నింపితే 64 మెగాబైట్లు. ఆ రోజుల్లో అది రాజభోగం.

ప్రాసెసర్ వేగం 20 మెగాహెర్ట్జ్. ఇప్పటి పిల్లలు వింటే నవ్వుతారు, నవ్వనీండి. దాని గొప్పదనం వేగంలో లేదు, రిజిస్టర్ల అమరికలో ఉంది. ప్రోగ్రాములో ఒక ఫంక్షన్ ఇంకోదాన్ని పిలిచినప్పుడల్లా మామూలు ప్రాసెసర్ తన చేతిలో ఉన్న విలువల్ని మెమరీలో దాచి, పని అయ్యాక మళ్లీ తెచ్చుకోవాలి. మెమరీ దాకా పోయి రావడమంటే ఆలస్యం. బర్కిలీలో డేవిడ్ ప్యాటర్సన్ బృందం దీనికో ఉపాయం కనిపెట్టింది, సన్ వాళ్ల స్పార్క్ ప్రాసెసర్ దాన్ని అందిపుచ్చుకుంది. ప్రతి ఫంక్షన్‌కూ 24 రిజిస్టర్ల కిటికీ ఒకటి ఇస్తారు. అందులో ఎనిమిది వచ్చినవాటికి, ఎనిమిది సొంతానికి, ఎనిమిది పంపేవాటికి. పిలిచినవాడి ‘పంపే’ ఎనిమిదే పిలుపందుకున్నవాడి ‘వచ్చిన’ ఎనిమిది. రెండిళ్ల ఉమ్మడి గోడలో అటూ ఇటూ తెరుచుకునే గూడు లాంటిదన్నమాట. ఇటు పెడితే అటు తీసుకుంటారు, ఎవరూ గడప దాటక్కర్లేదు. విలువలు కదలవు, కిటికీ జరుగుతుందంతే. పిలుపు మీద పిలుపు పెరిగి కిటికీలు నిండిపోతే పాతవాటిని మెమరీలోకి దించక తప్పదు, అప్పుడు వేగం తగ్గుతుంది. అవతలి వర్గం వాళ్లు ఎప్పుడూ ఎత్తిపొడిచేది ఈ ఒక్క మాటే. పొడవనీండి.

అసలు నేను మనసు పారేసుకున్నది మాత్రం ఇంకో చోట.

కీబోర్డు మీద స్టాప్, ఏ మీటలు రెండూ కలిపి నొక్కండి. నడుస్తున్న యూనిక్స్ ఎక్కడిదక్కడ ఆగిపోతుంది. తెర మీద ‘ఓకే’ అని రెండక్షరాలు వస్తాయి. (తొలి యంత్రాల్లో ముందు బాణం మొన లాంటి గుర్తొస్తుంది, ఎన్ అని కొడితే ఓకే అంటుంది.) అది ఓపెన్‌బూట్, మిచ్ బ్రాడ్లీ చేతి పని. బోర్డు మీది రోమ్ చిప్పులో పూర్తి స్థాయి ఫోర్త్ భాష కూర్చుని ఉంటుంది. డిస్కు లేకపోయినా, ఆపరేటింగ్ సిస్టమ్ లేకపోయినా పలుకుతుంది. రెండు, మూడు, కూడిక గుర్తు, చుక్క కొట్టండి, అయిదు అంటుంది. ఏ స్లాట్‌లో ఏ కార్డుంది, డిస్కు బతికే ఉందా, నెట్‌వర్కు తీగలో కదలిక ఉందా, ఏదడిగినా చెబుతుంది.

ఇంకో చమత్కారం ఉంది. విస్తరణ కార్డులు దిగే ఎస్‌బస్‌లో ప్రతి కార్డూ తన పరిచయాన్ని, తనను మేల్కొలిపే ప్రోగ్రామును తన మీదే ఎఫ్‌కోడ్ రూపంలో మోసుకొస్తుంది. అది ఏ ప్రాసెసర్ భాషా కాదు, ఫోర్త్‌కు కుదించిన రూపం. అందుకే కార్డు తయారీదారు యంత్రం లోపల ఏ ప్రాసెసర్ ఉందోనని బెంగపడక్కర్లేదు. అదే కాలపు పీసీలో కార్డు పెట్టాలంటే జంపర్లు మార్చుకుంటూ, రెండు కార్డులు ఒకే ఇంటరప్టు కోసం కొట్టుకుంటుంటే జుట్టు పీక్కునేవాళ్లం. ఈ ఓపెన్‌బూట్ పద్ధతి 1994లో ఐఈఈఈ 1275 ప్రమాణమైంది, ఆపిల్ కూడా తన పవర్ మ్యాక్‌లకు తీసుకుంది. మీ జేబులోని ఆండ్రాయిడ్ ఫోనులో డివైస్ ట్రీ అనే పరికరాల పట్టిక ఉంటుంది చూడండి, దాని వంశమూలం ఇక్కడే.

మౌసు గురించి ఒక్క ముక్క. బంతి ఉండదు. గీతలు ముద్రించిన లోహపు పలక మీద ఎరుపు కాంతి, పరారుణ కాంతి వేసి, దాటిన గీతల్ని లెక్కపెడుతుంది. పలకను అడ్డంగా తిప్పారో, బాణం మీ మాట వినదు.

ఇక ఈ యంత్రాల ప్రాణం, వీటి శాపం కూడా, ఒకే చిప్పులో ఉంది. పేరు ఎన్‌వీరామ్, 24 కాళ్లది. రెండు కిలోబైట్ల మెమరీ, గడియారం, లిథియం బ్యాటరీ అన్నీ కలిపి ఎపాక్సీలో పోత పోశారు. యంత్రం గుర్తింపు సంఖ్య, నెట్‌వర్కు చిరునామా అందులోనే. ఆ చిరునామా ఎప్పుడూ 8-0-20తో మొదలవుతుంది, అది సన్ ఇంటిపేరు. ఖరీదైన డిజైన్ సాఫ్ట్‌వేర్ లైసెన్సులు ఈ సంఖ్యకే ముడిపడి ఉండేవి. బ్యాటరీకి పదేళ్ల ఆయుష్షు అన్నారు. అది పోయాక యంత్రం తానెవరో మరిచిపోతుంది, తన గుర్తింపు సమాచారం (ఐడీప్రామ్) చెల్లదని మొండికేస్తుంది.

దీన్ని బతికించే పనితనం చూసి తీరాలి. నేర్పరి ఎపాక్సీ అంచును సన్నటి ఆకురాయితో కొద్దికొద్దిగా గీకుతాడు. లోపలే గడియారపు క్రిస్టల్ కూడా ఉంటుంది, చెయ్యి జారితే అదీ పోతుంది. బ్యాటరీ లోహపు కాళ్లు రెండు మెరిసేదాకా గీకి, చచ్చిన బ్యాటరీ సంబంధం తెంపి, మూడు వోల్టుల బిళ్ల బ్యాటరీకి సోల్డర్ వేస్తాడు. తర్వాత ఓకే దగ్గర కూర్చుని ఆ గుర్తింపు సమాచారాన్ని ఫోర్త్‌లో ఒక్కో బైటుగా రాస్తాడు. మొత్తం 16 బైట్లు. చివరిది మొదటి పదిహేనింటినీ ఎక్సార్ చేస్తే వచ్చేది. ఆ లెక్క కుదిరితే యంత్రానికి పేరొస్తుంది.

ఇంత ఓపిక ఎందుకని, కొత్త చిప్పులే కొనుక్కుంటాం అనేవాళ్లకు ఒక మాట. అంగట్లో ‘సరికొత్త’ అని అమ్మేవాటిలో చాలావరకు పాత బోర్డుల నుంచి పీకి, పైపేరు గీకేసి, మళ్లీ అచ్చు వేసినవి. బ్యాటరీ సగం చచ్చి ఉంటుంది. ఇది పచ్చి మోసం. దీన్ని మించిన ఘోరం ఇంకోటుంది. సన్ వాళ్ల చక్కటి ఐపీఎక్స్ డబ్బాను కొని, లోపలి బోర్డు ఊడబీకి, చవక పీసీ బోర్డు దూర్చి, ‘నా సన్ వర్క్‌స్టేషన్’ అని ఫొటోలు పెట్టేవాళ్లున్నారు. విగ్రహాన్ని బయట పారేసి గర్భగుడిలో కాపురం పెట్టినవాణ్ణి భక్తుడంటామా? పిన్నుల మీది పిసరంత బంగారం కోసం బోర్డుల్ని యాసిడ్‌లో ముంచేవాళ్ల గురించైతే నోరు చేసుకోవాలనే లేదు.

ఇవి చిల్లర యంత్రాలు కావు. 1995 నాటి ‘టాయ్ స్టోరీ’ బొమ్మల్ని నమూనాలుగా మలచింది సిలికాన్ గ్రాఫిక్స్ మీదే, ఒప్పుకుంటాను. కానీ ఫ్రేము తర్వాత ఫ్రేము తుది రూపం దిద్దింది 117 స్పార్క్‌స్టేషన్ 20లు. మన పుణె సీ-డాక్ 1998లో ఆవిష్కరించిన పరమ్ 10000 సూపర్ కంప్యూటర్ లోపలా అల్ట్రాస్పార్క్ ప్రాసెసర్లే. ఆ వంశాన్ని 2010లో ఒరాకిల్ కొన్నది. 2017లో డిజైనర్లను ఇంటికి పంపేసింది. ఒరాకిల్ నుంచి కొత్త స్పార్క్ ఇక రాదు.

రానివాటి కోసం ఏడ్చి లాభం లేదు, ఉన్నవాటినైనా నిలుపుకుందాం. ఇంజనీరింగ్ కాలేజీల స్టోర్ రూముల్లో, పరిశోధన సంస్థల అటకల మీద ఇలాంటి బూడిదరంగు పెట్టెలు ఇంకా ఉండే ఉంటాయి. కంటబడితే తూకానికి వేయకండి. ప్లగ్గు పెట్టేముందు పవర్ సప్లైని తెలిసినవాళ్లకు చూపించండి. ఎన్‌వీరామ్ మీద చిన్న బార్‌కోడ్ కాగితం ఉంటే చింపకుండా, దాని మీది అంకెలు ఒక పుస్తకంలో రాసిపెట్టండి. చిప్పు చచ్చినా సరే, పారేయకండి.