గుఱ్ఱములు వచ్చుచుండగా

టోనీ మోరిసన్ అను అమెరికా నల్లజాతి రచయిత్రి 1987లో ప్రకటించిన 'బిలవ్డ్' అను నవల చదివి రెండు రాత్రులు నిద్రపోలేదు. రోమా పత్రిక 9:25 దాని మొదటనే యున్నది. గ్రంథము పేరు ఆ వచనములోనిదే.

సేతె అను బానిసస్త్రీ నిండుచూలాలై కెంటకీ నుండి పారిపోయి, ఓహైయో నది దాటి, సిన్సినాటిలో అత్తయింట బిడ్డలను కలిసికొనును. ఇరువదియెనిమిది దినములే స్వేచ్ఛ. యజమానుడు పట్టుకొన రాగా, బిడ్డలు మరల బానిసలు కాకూడదని తన పసికూతురిని తన చేతులతోనే చంపును. 1856లో మార్గరెట్ గార్నరు అను తల్లి నిజముగా చేసిన పనియే దీనికి ఆధారము.

ఆరవ ఆజ్ఞ మీరబడినది. రచయిత్రి దానిని దాచలేదు. నన్ను కలచినది వేరొకటి. ముందునాడే ఆ అత్త, బోధకురాలైన బేబీ సగ్స్, తొంబదిమందికి విందు చేసెను. కడుపార తిన్నవారే తెల్లవారుసరికి, వీరికింత కలిమి యెక్కడిదని కన్నుకుట్టిరి. గుఱ్ఱములు వచ్చుచుండగా ఒక్కరును పరుగెత్తి కబురు చెప్పలేదు. ప్రేమవిందు మరునాడు మన పేటలలో వినబడు మాటలు మీరెరుగనివా?

చచ్చిన బిడ్డ తిరిగి వచ్చుట, స్త్రీలు పడిన చెరుపు ఇందు విస్తారముగా నున్నవి; పిల్లల చేతికీయకుడి. దయ్యపుకథయని మాత్రము తోసివేయకుడి.

పదునెనిమిదేండ్లకు, ఆకలికి తాళలేక చిన్నకూతురు డెన్వరు వీధిలోనికి వెళ్లి నోరు తెరచి అడిగెను. అప్పుడు గిన్నెలలో అన్నపానములు వచ్చెను. పిమ్మట ముప్పదిమంది స్త్రీలు ఆ వాకిట నిలిచి ప్రార్థించిరి, పాడిరి.