సుబ్బయ్య భయం ఎవరిది?

'మనస్తత్వ నవల' అన్న పేరు మన విమర్శకులకు ఒక సౌకర్యమయిపోయింది. ఆ ముద్ర వేశాక ఇక సంఘం ఊసెత్తనక్కర లేదు. గోపీచంద్ 1947 నాటి 'అసమర్థుని జీవయాత్ర'కూ, రాచకొండ విశ్వనాథశాస్త్రి 'అల్పజీవి'కీ అదే ముద్ర. ఒకరిది అసమర్థత, మరొకరిది న్యూనతాభావం. రోగం పేరు తెలిసింది గనుక పుస్తకం అర్థమయినట్టే!

అభ్యుదయ పక్షంలోనూ సీతారామారావును కూలిపోతున్న భూస్వామ్యానికి ప్రతినిధి అని ఒక్క వాక్యంతో తేల్చి, పుస్తకం మూసేవారున్నారు.

నిడదవోలులో విద్యార్థులతో కలిసి 'అల్పజీవి' చదివినప్పుడు ఈ రెండు ధోరణులూ నా ఎదటనే తలపడినవి. సుబ్బయ్యను డాక్టరుకు చూపిస్తే సరిపోయేదన్నాడు ఒకడు. వ్యవస్థ మారితే ఆ భయం దానంతటదే పోతుందన్నాడు మరొకడు. అంతవరకు సుబ్బయ్యకు నిద్ర పట్టేదెట్లా అని నేనడిగితే అతను జవాబు చెప్పలేదు.

నవలను మళ్ళీ చూడండి. సుబ్బయ్య గుమాస్తా. భయం అతని ఎముకల్లో ఉంది, నిజమే. కాని కాంట్రాక్టరు గవరయ్య దగ్గర డబ్బు పుచ్చుకొన్న తరువాత ఆ భయానికి ముఖం, గొంతు వస్తాయి. శాస్త్రిగారు భయాన్ని పుట్టుమచ్చలా వదిలివేయలేదు. అంతా సంఘం నెత్తిన వేసి సుబ్బయ్యను కీలుబొమ్మనూ చేయలేదు. గోపీచంద్ సీతారామారావు మనసును ఎంతో లోతుగా తవ్వాడు గాని, ఆ మనిషితో కాపురం చేసిన భార్యకు ఆ ఇల్లు ఎలా ఉండేదో చాలినంత చెప్పలేదు. నా ఫిర్యాదు అదే.

ఫ్రాంజ్ ఫానన్ 1953లో అల్జీరియాలోని బ్లీదా ఆసుపత్రిలో మనోవైద్యుడుగా చేరాడు. మనిషిని సొంత గడ్డమీదనే పరాయివాణ్ణి చేసే వలసపాలనలో ఆ కొలువు చేయలేనని 1956లో రాజీనామా ఇచ్చాడు. అయినా వైద్యం మానలేదు. ట్యునీషియాకు పోయి మళ్ళీ రోగుల మధ్యనే కూర్చున్నాడు. మన రెండో కుర్రవాడు గమనించవలసినది ఇది.

మన దేశంలో 1912 నాటి 'లూనసీ' చట్టం స్థానే 1987లో మరో చట్టం చేశారు. 2017 చట్టం మానసిక చికిత్సను హక్కుగా ఒప్పుకొన్నది. ఆత్మహత్యకు ప్రయత్నించినవాణ్ణి నేరస్థుడుగా కాక, తీవ్రమైన ఒత్తిడిలో ఉన్నవాడుగా భావించాలన్నది. మంచిదే. కాని మా వైపు కౌలురైతుకు నిద్ర పట్టకపోతే ముందు దిష్టి తీస్తారు. తరువాత ఎవరి కంటా పడకుండా రాజమండ్రి తీసుకువెళ్ళి, కడుపునొప్పికి చూపించామని చెబుతారు. డాక్టరు రాసిన మాత్ర అతనికి అవసరమే. కౌలు బాకీ సంగతి డాక్టరు అడగడు, రైతు చెప్పడు. ఆ కడుపునొప్పి అబద్ధం దగ్గర మొదలయ్యే తెలుగు నవల కోసం నేను ఎదురుచూస్తున్నాను.