ఎవరు చెప్పగా రాశారు?

తర్రెం పేరు మనలో చాలామంది మొదటిసారి విన్నది 2021 ఏప్రిల్‌లో. ఆ చుట్టుపక్కల అడవిలో మావోయిస్టులతో జరిగిన ఎదురుకాల్పుల్లో 22 మంది జవాన్లు చనిపోయారు. ఛత్తీస్‌గఢ్‌లో, బస్తర్ ప్రాంతపు బీజాపూర్ జిల్లాలో, బాసగూడ నుంచి సిలగేర్ వెళ్లే దారిలో ఉన్న ఊరు అది. ఆ వైపు ఊళ్లలో మాట్లాడేది గోండి, దోర్లి. ఆ మాట మన దాకా రావాలంటే మధ్యలో ఎవరో ఒకరు దాన్ని హిందీలోకో తెలుగులోకో తిప్పాలి. ఆ ఒకరు ఎవరన్నదే నా ఆరాటం.

పరిశోధన ఎలా సాగిందో, ఎవరి ఇంట అన్నం తిన్నారో, ఎక్కడ పొరబడ్డారో పరిశోధకులే చెప్పుకునే సంప్రదాయం ఒకటుంది. చాలామంది దాన్ని కాలక్షేపం కబుర్ల కింద కొట్టిపారేస్తారు. అసలు పుస్తకాన్ని ఎంతవరకు నమ్మాలో తేల్చేది ఆ కబుర్లేనని నేను అంటాను. బస్తర్ లాంటి చోట మరీను.

డబ్ల్యు.వి. గ్రిగ్సన్ 1927 నుంచి 1931 దాకా బస్తర్ సంస్థానానికి పాలనాధికారి. ఆయన ‘ది మరియా గోండ్స్ ఆఫ్ బస్తర్’ 1938లో వచ్చింది. ఊరిని ఏలే దొర వచ్చి అడిగితే వచ్చే జవాబు వేరు, చెట్టు కింద పక్కన చతికిలబడ్డవాడికి వచ్చే జవాబు వేరు. ఆయన హోదా తెలిశాకే ఆ పుస్తకంలోని జవాబులను సరిగ్గా తూచగలం. మానవశాస్త్రవేత్త వెరియర్ ఎల్విన్ ‘మరియా మర్డర్ అండ్ సూసైడ్’ (1943)కు కోర్టు కాగితాలు పెద్ద ఆధారం. బోనులో నిలబడ్డ మనిషి తన భాషలో చెప్పుకున్న గోడు దుబాసీ నోట ఒకసారి, గుమాస్తా కలం కింద ఇంకోసారి మారుతుంది. ఎల్విన్ ఆ కాగితాలతో సరిపెట్టుకోకుండా మరియాల ఊళ్లూ తిరిగాడు. అదే ఎల్విన్ 1964లో వెలువడిన ఆత్మకథలో, బస్తర్ రోజుల్లో తనకు భార్యగా ఉన్న గోండు యువతి కోసి గురించి చాలా కొద్దిగానే చెప్పాడు. తెర తీసినవాడు కూడా ఓ మూల తెర దించుకున్నాడు. అది నన్ను ఇప్పటికీ బాధిస్తుంది.

మన నేల మీద ఇలాంటి కథ ఆస్ట్రియా మానవశాస్త్రవేత్త హైమెండార్ఫ్‌ది. ఆయన మనసంతా నాగా కొండల మీద. 1936–37లో కోన్యాక్ నాగాల మధ్య గడిపాడు. 1939లో మళ్లీ ఇండియాకు వచ్చేసరికి యుద్ధం మొదలైంది. ఆస్ట్రియా అప్పటికే జర్మనీలో కలిసిపోయింది కనుక ఆయన శత్రుదేశస్థుడయ్యాడు. నాగా కొండలకు దారి మూసుకుపోయి, నిజాం రాజ్యంలో ఉండిపోవాల్సి వచ్చింది. నల్లమల చెంచుల మీద 1943లో వచ్చిన పుస్తకం వెనుక ఉన్నది ఇదీ! ఆ తరవాత గోదావరి లోయలో కొండరెడ్లు, ఆదిలాబాద్‌లో రాజ్‌గోండులు. 1940లో జోడేఘాట్‌లో, నిజాం సర్కారును ఎదిరించిన గోండు నాయకుడు కుమ్రం భీం ప్రాణాలు కోల్పోయాక, గోండుల బాధలేమిటో సర్కారు తెలుసుకోవాల్సి వచ్చింది. అలాంటి సమయంలో నిజాం సర్కారు అండతో వచ్చిన తెల్లమనిషికి గోండులు ఏం చెప్పి ఉంటారు, ఏం దాచి ఉంటారు? ఆయన గోండు పుస్తకాలు చదివేటప్పుడు నేను ఈ ప్రశ్నను పక్కన పెట్టలేను. తన దారి ఎలా మళ్లిందో ఆయన 1990 నాటి ఆత్మకథలో దాచుకోకుండా చెప్పాడు గనకే అలా అడగగలుగుతున్నాను.

ఇలా తన పరిశోధన కథ చెప్పుకోవడంలో పనితనం పైకి మామూలుగానే కనిపిస్తుంది. చూసింది ఆ రాత్రే రాయాలి. తెల్లారితే మనసు దాన్ని చక్కగా సర్దేస్తుంది. ఏం చెప్పారన్నదొక్కటే చాలదు. ఏ భాషలో, ఎవరి ఎదుట చెప్పారు, ఎవరు తర్జుమా చేశారు, ఏ ప్రశ్నకు అందరూ తలలు దించుకున్నారు, అన్నీ ఎక్కాలి. తను అనుకున్నది తప్పని తేలిన రోజును కొట్టేయకూడదు. బస్తర్‌లో దీనికి ఇంకో మెళకువ తోడవ్వాలి. సాయం చేసిన మనిషి పేరు అచ్చులో కనిపిస్తే ఇటు పోలీసులో అటు మావోయిస్టులో వచ్చి తలుపు తట్టవచ్చు. కనుక పేరు మార్చాలి, ఊరు మార్చాలి, ఒక్కోసారి మంచి సంఘటననే వదిలేయాలి. వదిలేశానని మాత్రం చెప్పాలి.

సిద్ధం చేసుకున్న నోట్సే పోతే? సామాజిక శాస్త్రవేత్త ఎం.ఎన్. శ్రీనివాస్‌కు అదే జరిగింది. 1948లో మైసూరు దగ్గర రామపురలో ఉండి రాసుకున్న వివరాల నుంచి ఏళ్ల తరబడి సిద్ధం చేసుకున్న నోట్సు 1970 ఏప్రిల్ 24న స్టాన్‌ఫర్డ్‌లో ఎవరో నిప్పు పెట్టగా కాలిపోయింది. ఆయన జ్ఞాపకాన్ని నమ్ముకుని ‘ది రిమెంబర్డ్ విలేజ్’ (1976) రాశాడు, ఆ సంగతి పేరులోనే చెప్పాడు. మూడేళ్లకు మరో ఇద్దరితో కలిసి పరిశోధకుల క్షేత్రానుభవాలనే ఒక సంకలనంగా తెచ్చాడు. నిప్పు మిగల్చనిదాన్ని మనిషి ఎలా నిలబెట్టుకున్నాడో చెప్పిన ‘ది రిమెంబర్డ్ విలేజ్’ ముందుమాట నాకు ఆ పుస్తకమంత విలువైనది.

మళ్లీ హైమెండార్ఫ్ దగ్గరికి వస్తే, ఆయన భార్య బెట్టీ కూడా గోండుల అడవుల్లో ఆయనతో పాటే తిరిగింది. 1987 జనవరి 11న హైదరాబాద్‌లో కన్నుమూసింది. ఆదిలాబాద్ అడవుల్లోని మార్లవాయిలో ఇద్దరి సమాధులూ ఉన్నాయి. ఏటా ఆ తేదీన గోండులు అక్కడ చేరి, తమ పెద్దలకు చేసినట్టే వాళ్లకూ చేస్తారు. ఆ దంపతుల కథ అక్కడ గోండుల నోట, గోండిలో వినిపిస్తుంది.