‘కొట్టారు’ అంటే ఎందరు?

సాక్ష్యాన్ని తూచే పద్ధతి ప్రస్తావనకు వస్తే వడివేలు తేవర్ కేసులో సుప్రీంకోర్టు 1957లో ఇచ్చిన తీర్పును తలచుకోవడం పరిపాటి. అది హత్య కేసే అయినా అందులోని సూత్రం కొట్లాట కేసులకూ వర్తిస్తుంది. సాక్షుల సంఖ్య కన్నా సాక్ష్యం బరువు ముఖ్యమన్నది ఆ తీర్పు. సాక్షులను పూర్తిగా నమ్మదగినవారు, బొత్తిగా నమ్మరానివారు, ఈ రెండూ కానివారు అని విభజించింది. మూడో తరగతివారి మాటకు వేరే ఆధారం తోడుండాలి. చక్కని వర్గీకరణే. కాని సాక్షి నోటికీ రికార్డుకీ మధ్యనున్న భాష ఇందులో ఎక్కడా లేదు. మా అభ్యంతరం అక్కడే.

హోసూరు ప్రాంతపు తెలుగు రైతు ఒకరు దెబ్బలు తిన్నారనుకుందాం. “గట్టుమీద పెద్దాయన, కొడుకులిద్దరూ నిలబడ్డారు. కర్రతో కొట్టారు” అని పోలీసులకు చెప్పారు. ‘కొట్టారు’ మనకు బహువచనమూ అవుతుంది, గౌరవంతో అన్న ఏకవచనమూ అవుతుంది. తమిళంలో ఇవి వేరు: ‘అడిత్తార్గళ్’, ‘అడిత్తార్’. రాసుకునేవారు ఏదో ఒకటి ఎంచుకోక తప్పదు. బహువచనం రాశారా, ముద్దాయిలు ముగ్గురు. విచారణలో రైతు “కొట్టింది పెద్దాయన ఒక్కరే” అంటే వకీలు పాత వాంగ్మూలం తీసి మాట మార్చాడంటారు. (ఆడమనిషిని ‘అది’ అనడం తెచ్చే చిక్కు మరో వ్యాసానికి సరిపోతుంది.)

గాయపడిన సాక్షికి కోర్టులు ఎక్కువ విలువనిస్తాయి. అక్కడ ఉన్నాడనడానికి ఒంటిమీది దెబ్బే రుజువు. చిన్న తేడాలను పట్టించుకోవు. ఒక్కరా, ముగ్గురా అన్నది మాత్రం చిన్న తేడా కాదు. కర్రదెబ్బ అని డాక్టరు సర్టిఫికెట్ చెప్పవచ్చు. ఎవరి చేతి కర్రో చెప్పదు. కనుక సందేహం సహేతుకంగానే తోస్తుంది. 1973లో శివాజీ బోబడే కేసులో కృష్ణయ్యర్ గారు వద్దన్న మితిమీరిన సందేహం ఇది కాదు. అయినా ఇది పుట్టింది అబద్ధంలో కాదు, క్రియాప్రత్యయంలో.

2024 జూలై 1 నుంచి అమలైన నాగరిక్ సురక్షా సంహిత 312వ సెక్షన్, పాత 277 లాగే, వీలైతే సాక్షి భాషలోనే సాక్ష్యం రాసుకోవచ్చంటుంది. కాకుంటే సరైన అనువాదం ఉండాలి. ఈ రక్షణ కోర్టులో చెప్పిన సాక్ష్యానికే. పోలీసు వాంగ్మూలం మీద సాక్షి సంతకం కూడా ఉండదు. నిజాయితీని కొలిచే గజంబద్ద మాత్రం అదే! ఆడియో, వీడియో రికార్డు చేయవచ్చని చట్టం ఉంది, ‘వచ్చు’ వరకే.

దుబాసీలుగా వెళ్ళే మా విద్యార్థులు ‘కొట్టారు’ దగ్గర ఆగాలి. తామే వచనం నిర్ణయించక, ఎవరని సాక్షినే అడగమని జడ్జిగారిని కోరాలి.