కైఫీయతుల వచనము - దత్తమండల సంస్కరణము

తెలుగు వచన వికాసమును చర్చించువారు కైఫీయతులను సాధారణముగా రెండు మాటలలో ముగింతురు. చరిత్రకారునకు అవి ముడిసరుకు. భాషాశాస్త్రజ్ఞునకు ఆనాటి వాడుకకు సాక్ష్యము. రెండును నిజమే. కాని ముడిసరుకు అనుటతో వానిని గ్రంథములుగా చదువవలసిన బాధ్యత విమర్శకుని భుజముమీదినుండి దిగిపోవుచున్నది. ఎవడు వ్రాసెను, ఎవని యెదుట వ్రాసెను, ఏమి ఆశించి వ్రాసెను అను ప్రశ్నలను ప్రబంధమునకు వేయుదుము గాని కైఫీయతునకు వేయము. వేసినచో దత్తమండలపు కైఫీయతులు మరియొక రూపమున కనిపించును. నా మతమున అవి చరిత్రలు కావు, అర్జీలు. వానిని చరిత్రలుగా చదివినందుననే రాయలసీమ పూర్వవైభవమును గూర్చియు, మన్రో సంస్కరణములను గూర్చియు మన ఊహలు కొంత వక్రించినవి.

ఈ సీమ పరిస్థితిని ముందుగా స్మరింపవలెను. గుత్తిలో మురారిరావు అను మహారాష్ట్ర సర్దారు ఏలుచుండగా 1776లో హైదరాలీ ఆ దుర్గమును పట్టుకొనెను. కడప నవాబు 1779లో అతనికే లోబడెను. హైదరు పిమ్మట టిప్పు వచ్చెను. 1792, 1799 సంవత్సరముల ఒడంబడికలచే టిప్పు రాజ్యభాగములు నైజామునకు సంక్రమించెను. 1800 అక్టోబరు 12న నైజాము తన రక్షణకై ఉంచుకొన్న ఆంగ్ల సైన్యపు ఖర్చులకు ప్రతిగా ఈ భూములనే కుంఫిణీకి వదలుకొనెను. అనగా కడప ప్రాంతపు రైతొకడు ఇరువదియొక్క సంవత్సరములలో నవాబునకు, హైదరునకు, టిప్పునకు, నైజామునకు, కుంఫిణీకి వరుసగా పన్ను చెల్లించెను. ఏ మార్పునందును అతని నెవరును అడిగినది లేదు. ‘దత్తము’ అను పేరులోనే ఈ సంగతి యున్నది. ఇచ్చినవాడొకడు, పుచ్చుకొన్నవాడొకడు, ఈయబడినది మనుష్యులతో కూడిన నేల. 1928లో నంద్యాల సభయందు చిలుకూరి నారాయణరావుగారు ‘రాయలసీమ’ అను పేరు సూచించినప్పుడు ఆ పాతపేరు ఎందుకంత అవమానకరముగా తోచెనో ఊహింపవచ్చును.

కల్నల్ మెకంజీ తరఫున కావలి సోదరులును, వారి అనుచరులైన గుమాస్తాలును ఊరూర తిరిగి వృత్తాంతములు సేకరించిరి. బొర్రయ్య 1803లోనే మరణింపగా లక్ష్మయ్య ఆ పని నడిపెను. చెప్పినవాడు ఊరి కరణము. ఆధారము అతని యింటి దండకవిలె, గుడిలోని శాసనము, ముసలివారి జ్ఞాపకము. అడుగవచ్చినవాడు సర్కారు మనిషి. కరణము కన్నులకు పురావస్తు జిజ్ఞాసువును, మాన్యముల లెక్క తీయువాడును ఒకే కచేరినుండి వచ్చినవారుగా కనబడియుందురు. మన్రో వచ్చిన నాటినుండి ఇనాముల పరీక్ష జరుగుచునే యున్నది. అట్టి సమయమున ‘మీ ఊరి పూర్వోత్తరము చెప్పుము’ అన్నచో ఏ కరణమైనను ఏమి చెప్పును? ఏ రాజు ఏ దేవునికి ఎన్ని తూముల భూమి నిచ్చెనో, ఏ బ్రాహ్మణునకు ఏ అగ్రహారము ధారపోసెనో చెప్పును.

చాల కైఫీయతుల వాక్యనిర్మాణమే దీనిని పట్టియిచ్చును. విజయనగరపు రాజులను గూర్చిన భాగమున కర్తకు పేరుండును, క్రియ దానరూపమైనది: చెఱువు కట్టించును, గుడి యెత్తించును, మాన్యమిచ్చును. తరువాతి భాగమున ప్రభువులు అమలుల వరుసగా మారుదురు. ఫలానివారి అమలు ఇన్ని సంవత్సరములు, పిమ్మట ఫలానివారి అమలు. దానక్రియలు సన్నగిల్లి సిస్తు, దండు, దోపిడి, జప్తు అను మాటలు వచ్చును. కరణము ఆవేశపడడు, నిందింపడు. రేపు ఏ అమలు వచ్చునో ఎరుగనివాని వచనమది. ఎవరిని దూషించినను ప్రమాదమే. ఈ నిర్వికారతను కొందరు శైలీలోపముగా చూచిరి. నాకు మాత్రము అదియే ఆ వచనమునకు ప్రాణముగా తోచుచున్నది.

అయినచో రాయలనాటి సిస్తు మాట ఏమి? అప్పటి రైతు సుఖియా? కైఫీయతు చెప్పదు, చెప్పుటకు దానికి ప్రయోజనము లేదు. దానము జ్ఞాపకముంచుకొనవలసినది, సిస్తు మరచిపోవుటకు వీలైనది. కాబట్టి ఈ గ్రంథముల ఆధారముతో స్వర్ణయుగమును నిర్మించువారు ఒక అర్జీదారుని వాదమును న్యాయమూర్తి తీర్పుగా స్వీకరించుచున్నారు. రతనములు రాసులు పోసి యమ్మిరను ప్రసిద్ధిని కాదనను. కాని ఆ రాసుల ప్రక్కనే మెట్టచేని రైతు ఇంటిలో జొన్నలెన్ని యుండెనో తెలియవలెను గదా!

ఇక సంస్కరణము. థామస్ మన్రో 1800 నుండి 1807 వరకు దత్తమండలములకు ప్రధాన కలెక్టరుగా నుండెను. వంగరాష్ట్రమున కారన్‌వాలిసు 1793లో జమీందారులతో శాశ్వత పరిష్కారము చేసియుండగా ఇతడు రైతుతో నేరుగా లెక్క చూచుకొనెను. గొలుసుతో పొలములు కొలిపించి, నేల గుణము ననుసరించి సిస్తు కట్టి, రైతు పేర పట్టా యిచ్చెను. పాళెగాండ్రు ఎనుబదిమంది వరకు ఉండగా వారి ఆయుధములను, అధికారములను తొలగించి కొందరకు భరణము లేర్పరచెను. వారియెడ అతడు చూపిన కాఠిన్యమును లండనులోని డైరెక్టర్లే ఆక్షేపించిరి. మధ్యవర్తి తొలగుటచే రైతునకు మేలు కలిగెనన్న మాట కొట్టివేయదగినది కాదు. కాని ఆ సిస్తు మొత్తము ఫలములో సుమారు నూటికి నలుబదియైదు పాళ్లు! ఇది భరింపరానిదని మన్రోయే గుర్తించి 1807లో నూటికి ఇరువదియైదు తగ్గింపవలెననియు, బావులక్రింది భూములకు మరి ఎనిమిది తగ్గింపవలెననియు వ్రాసెను. పైవారు అంగీకరింపలేదు. అతడు సీమకు వెళ్లిపోగా 1808లో ఊళ్లకు ఊళ్లు మూడేండ్ల గుత్తకు, పిదప పదేండ్ల గుత్తకు ఈయబడినవి. గుత్తదారులలో పలువురు చెడిరి, రైతులును చెడిరి. 1820లో మన్రో మద్రాసు గవర్నరైన పిమ్మటగాని రైతువారీ పద్ధతి తగ్గింపుతో మరల కుదురుకొనలేదు.

ఇచ్చట విమర్శకుడు గమనింపవలసిన విశేషమొకటి. దత్తమండలపు కైఫీయతులలో ఎక్కువ భాగము పుట్టినది సరిగా ఆ గుత్తల కాలముననే. మన్రో పట్టా వచ్చి పోయినది. మరల వచ్చునో రాదో తెలియదు. కావున వానిలో కుంఫిణీ అమలును గూర్చిన భాగము పొట్టిగా, జాగ్రత్తగా నుండుటను తృప్తికి గురుతుగా తీసికొనరాదు. సంస్కరణము సగములో ఆగినచోట కరణము కలము కూడ ఆగినది.

డోనులో పెరిగిన నాకు మన్రో పేరు మొదట వినబడినది పత్తికొండ దారిలో. వీడ్కోలు పర్యటనలో నుండగా అతడు 1827 జూలై 6న ఆ ఊరిలోనే కలరాచే మరణించెను. అతనిని దేవాంశగలవానిగా చెప్పుకొనుటయు, పిల్లలకు అతని పేరు పెట్టుకొనుటయు ఈ సీమలో ఉండెడివి. ఆ ఊరినుండి చాల దూరము పోనక్కరలేదు. కోవెలకుంట్లలో 1847 ఫిబ్రవరి 22న ఉయ్యాలవాడ నరసింహారెడ్డిని ఉరితీసిరి. పాళెగాండ్ర వంశములకు కుంఫిణీ యిచ్చిన భరణములు రద్దగుచుండుటయు, కట్టుబడివారి మాన్యములకు ముప్పు కలుగుటయు అతని తిరుగుబాటునకు కారణములు. అతనిని గూర్చి జనులు పాటలు పాడిరి. ఒకే సీమ సంస్కర్తను దేవుని చేసినది, ఆ సంస్కరణమును ఎదిరించినవానిని వీరుని చేసినది. ఇది జనుల చపలత్వమని ఒక పెద్దమనిషి నాతో వాదించెను. నే నొప్పుకొనను. పట్టా పొందినవాని నోట పుట్టిన కథ ఒకటి, మాన్యము పోగొట్టుకొనువాని నోట పుట్టిన పాట మరియొకటి. ‘జనులు’ అను మాటను విడదీయక వాడుటచేతనే ఈ వైరుధ్యము.

పాటకు, కైఫీయతునకు గల భేదము కూడ ఇచ్చటనే తేలును. పాట పాడువాడు కచేరికి జవాబు చెప్పుకొననక్కరలేదు. కావున శత్రువును పేరుపెట్టి తిట్టగలడు. కరణము తిట్టలేడు. ఒకటి నిజమనియు రెండవది భయమనియు నేననుట లేదు. పాట కూడ దాచును: పాళెగాడు రైతునొద్ద ఎంత గుంజెనో అది చెప్పదు.

ఇందుకు పరీక్ష కష్టమైనది కాదు. 1858లో ఏర్పడిన ఇనాము కమిషను ప్రతి గ్రామమునందలి మాన్యమును విచారించి రిజిష్టరులకెక్కించెను. ఒక్క తాలూకా తీసికొని, కైఫీయతునందు చెప్పిన మాన్యములలో ఎన్ని ఆ రిజిష్టరులందు నిలిచినవో, ఎన్నిటికి కవిలెను మించిన ఆధారము లేకపోయెనో పోల్చిచూడవలెను. మన పరిశోధక విద్యార్థులు మరల మరల ప్రబంధములలోని వర్ణనలనే లెక్కించుచున్నారు. పత్తికొండ, కోవెలకుంట్ల తాలూకాలతో ఈ పని మొదలుపెట్టవచ్చును. ఆ రిజిష్టరుల చేతివ్రాత చదువుట మాత్రము రెండు మూడు నెలలు అలవాటు చేసికొనవలసి యుండును.