తాడు కోసేశాక ఏమిటి?

జాన్ హ్యూస్టన్ ‘ది మిస్‌ఫిట్స్’ (1961) అనగానే మార్లిన్ మన్రో పూర్తి చేసిన ఆఖరి సినిమా అంటారు. క్లార్క్ గేబుల్ రిలీజుకి ముందే పోయాడనీ చెప్తారు. నాకు మాత్రం అది గుర్రాల సినిమా.

నెవాడా ఎడారి. ఒకడు పాత విమానంతో అడవి గుర్రాలని కొండల్లోంచి కిందకి తరుముతాడు, మిగతా ఇద్దరూ ట్రక్కు మీంచి తాళ్ళు విసిరి పట్టుకుంటారు. దొరికినవి మొత్తం ఆరు, అందులో ఒకటి పిల్ల. కుక్కల తిండి కోసం తూకానికి అమ్మాలి. మగాళ్ళు తలా ఎంతొస్తుందో లెక్కలేసుకుంటుంటే మన్రో అరుస్తుంది. హ్యూస్టన్ క్లోజప్‌కి వెళ్ళడు, ఆమెని దూరంగా చుక్కంత చేసి చూపిస్తాడు. ఆ ఎడారిలో ఆ అరుపుకున్న విలువెంతో ఆ ఒక్క షాట్‌లో తెలుస్తుంది.

నా పేచీ ముగింపుతోనే. గేబుల్ మగ గుర్రాన్ని లొంగదీసి, తర్వాత తనే తాడు కోసేస్తాడు. ఆర్థర్ మిల్లర్ స్క్రిప్టుకి అది చాలు, అతను రాసింది మనుషుల కథ. మరి గుర్రానికి?

నిజానికి వెల్మా జాన్‌స్టన్ పోరాటం వల్ల ప్రభుత్వ భూముల్లో విమానాలతో, బళ్ళతో ఇలా పట్టడాన్ని నిషేధిస్తూ 1959లోనే చట్టం వచ్చింది. 1971 చట్టం అడవి గుర్రాలతో పాటు గాడిదలకీ రక్షణ ఇచ్చింది. కానీ మంద ఏడాదికి 20 శాతం దాకా పెరగగలదు, గడ్డీ నీళ్ళూ పెరగవు. 1976 తర్వాత హెలికాప్టర్లు మళ్ళీ వచ్చాయి, ఈసారి ప్రభుత్వం తరఫున. పట్టిన గుర్రాలు వేలకి వేలు దొడ్లలో ఉండిపోయాయి.

ఇంకో దారీ ఉంది. అసటీగ్ దీవిలో 1994లో మొదలుపెట్టి ఏళ్ళ తరబడి ఆడ గుర్రాలకి దూరం నుంచే డార్టుతో గర్భనిరోధక టీకా వేశారు. ఏ గుర్రం ఏదో ఆనవాలు పట్టాలి, రికార్డు రాసుకోవాలి, మళ్ళీ టైముకి వెళ్ళాలి. ఇందులో హీరోయిజం ఏమీ లేదు, సినిమాకి పనికిరాదు. దయ అంటే మాత్రం ఇదే అనిపిస్తుంది.

ఇదంతా మనకెందుకంటే, మన గోదావరి జిల్లాల్లో గాడిద ఉంది, ఇప్పటికింకా. ఇక్కడి సమస్య తలకిందులు, మంద పెరగడం కాదు, మాయమవడం. బట్టల మూటలకీ ఇసుకకీ బళ్ళొచ్చాక గాడిదకి పని పోయింది. మనమూ తాడు కోసేశాం. దేశంలో 2012లో 3.2 లక్షలున్న గాడిదలు 2019 పశుగణనకి 1.2 లక్షలు. ఆహార భద్రతా నిబంధనల్లో దాని మాంసానికి చోటు లేదు. అయినా పశ్చిమ గోదావరి, కృష్ణా, గుంటూరు, ప్రకాశం జిల్లాల్లో ఉబ్బసం తగ్గుతుందని కోసి అమ్ముతున్నట్టు వార్తలొచ్చాయి. అటు రాజమండ్రి దగ్గరే గాడిద పాల ఫారం వెలిసింది. రెండు చోట్లా లెక్క ఒకటే, లీటరో కిలోనో.

సినిమా చూడండి, ఆ చుక్కంత మనిషి అరుపు కోసమైనా. తాడు కోసిన సీన్ దగ్గర మాత్రం కళ్ళు తుడుచుకుని లేచిపోకండి. అసలు పని అక్కణ్ణుంచే మొదలు.